ఇంజను ఆపుతావా?

"లుంగీ మార్చుకురా. మెళ్లో ఆ తువ్వాలు కూడా తీసెయ్."

నిన్ను చూడగానే పెదనాన్న అన్న మొదటి మాట ఇది. ఎప్పుడొచ్చావని అడగలేదు, మంచినీళ్లు తాగమనలేదు. ట్రాక్టర్ సీటు మీద నుంచే, ఇంజను చప్పుడుకి పైన వినబడేలా అరిచి చెప్పాడు.

మే మొదటి వారం, భరణి కార్తె. నిడమర్రు దాటాక కొల్లేరు వైపు పోయే పుంతరోడ్డు పక్కన, దాళ్వా కోసిన చేలో ఉన్నావు. చెప్పులు ఉన్నా నేల వేడి అరికాళ్లకి తగులుతోంది. మొన్న చైను మిషను వచ్చి పంట కోసేసింది. ధాన్యం రోడ్డు పక్క పరదాల మీదికి చేరింది. చేలో మిగిలింది గడ్డే. మిషను వెనకనుంచి రాలిన గడ్డి, అవతలి గట్టు దాకా వరుసలు వరుసలుగా పడుంది. వంగి ఒక గుప్పెడు తీసుకో. రెండు చేతులతో మెలిపెట్టు. ఫట్‌మని విరిగితే ఆరినట్టు. వంగి ఊరుకుంటే లోపల ఇంకా తేమ ఉన్నట్టు.

విరిగింది.

"ఇయ్యాలే అయిపోవాలిరా" అంటాడు పెదనాన్న. గడ్డం ఎత్తి వాయవ్యం మూల చూపిస్తాడు. చేపల చెరువుల గట్ల మీద కొబ్బరిచెట్లు. వాటి వెనక ఆకాశం అంచు మసకబారింది. మబ్బో, ఎవరో గడ్డికి నిప్పు పెడితే లేచిన పొగో ఇక్కణ్ణుంచి తెలియడం లేదు.

రెండూ కావచ్చు. గడ్డి చుట్టే మిషను దొరక్క, మనుషులు దొరక్క గడ్డిని చేలోనే తగలబెట్టేసేవాళ్లున్నారు. ఆ పొగ చూస్తే కడుపు మండుతుంది. ఇక్కడికి కాస్త ఎగువన, ద్వారకా తిరుమల, కామవరపుకోట వైపు మెట్టలో, ఈ నెలలో పశువుకి పచ్చిగడ్డి దొరకడం కష్టం. డెల్టా నుంచి వెళ్లే ఎండుగడ్డే దిక్కు. వరిగడ్డిలో బలం తక్కువన్న మాట నిజమే. మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్లకి మించవు. అందుకే వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియా నీళ్లలో కలిపి చల్లి, మూడు వారాలు గాలి తగలకుండా మాగబెట్టి వెయ్యమని పశువైద్యులు చెబుతారు. అయినా ఖాళీ గాడి ముందు నిలబడ్డ గేదెకి ఆ లెక్కలతో పనేముంది?

ప్యాంటు వేసుకుని వచ్చావు. ఇప్పుడు బండి చూడు. మాసీ ఫెర్గూసన్ 1035. మద్రాసు టాఫే కంపెనీది. మూడు సిలిండర్లు, 36 హార్స్‌పవర్. నీ కంటే వయసులో పెద్దది. బానెట్ మీద ఎరుపు వెలిసిపోయి ఇటుకపొడి రంగుకి వచ్చింది. కోత మిషన్లు రాకముందు కుప్పలు తొక్కింది ఇదే. కళ్లంలో పనలు పరిచి, వాటి మీద గుండ్రంగా తిరుగుతూ గింజ రాల్చేది. అంతకుముందు ఎడ్లు చేసిన పని అది. అప్పుడు గడ్డి పొడుగ్గా చేతికొచ్చేది, ఇంటి వెనక వాము లేచేది. కోత మిషను గడ్డిని నలిపి పారేస్తుంది. వాము వెయ్యడం తెలిసిన చేతులూ ఊళ్లో తగ్గిపోయాయి. అందుకే నలుగురు రైతులు కలిసి ఈ పాత బేలరు కొన్నారు.

బేలరు ట్రాక్టర్ వెనక తగిలించి ఉంది. కింద ఇనప పళ్లు తిరుగుతూ గడ్డిని ఏరి లోపలికి తోస్తాయి. లోపల రోలర్లు దాన్ని దొర్లించి దొర్లించి చుట్ట చేస్తాయి. చుట్ట నిండాక పురికొస దాని చుట్టూ బిగుసుకుంటుంది, వెనక తలుపు తెరుచుకుంటుంది, కట్ట నేల మీద పడుతుంది.

ట్రాక్టరుకీ బేలరుకీ మధ్య ఒక ఇనప కడ్డీ తిరుగుతోంది, చూశావా? అది పీటీఓ షాఫ్టు. ఇంజను బలమంతా దాని మీదుగానే బేలరుకి అందుతుంది. దాని మీద ఉండాల్సిన ప్లాస్టిక్ తొడుగు విరిగి సగం ఊడిపోయింది. ఊడిన చోట ఇనుము మెరుస్తోంది. నిమిషానికి 540 చుట్లు. సెకనుకి తొమ్మిది. లుంగీ కొస ఒక్కటి దానికి అంటుకుంటే చాలు, నువ్వు నోరు తెరిచేలోపు మీటరున్నర బట్ట చుట్టేసుకుంటుంది. బట్ట అయిపోయాక నీ వంతు.

పెదనాన్న మంచినీళ్ల కంటే ముందు లుంగీ మాట ఎందుకు ఎత్తాడో ఇప్పుడు తెలిసింది.

పెదనాన్న కొడుకు, నీ అన్నయ్య, మజ్జిగ సీసా అందిస్తాడు. అన్నం తినడానికి దిగినప్పుడు కూడా ఇంజను ఆపలేదట. ఎందుకని అడుగు.

"బ్యాటరీ అయిపోయిందిరా. డైనమో చార్జింగ్ ఇవ్వట్లేదు. పొద్దున్న సెల్ఫు ఎలాగో ఒక్కసారి తిరిగింది. ఆపామంటే మళ్లీ ఎత్తుకోదు."

మరి బ్యాటరీ లేకుండా బండి ఎలా నడుస్తోంది? డీజిల్ ఇంజనుకి నిప్పురవ్వ అక్కర్లేదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. ఒకసారి మొదలయ్యాక బ్యాటరీతో పని లేదు, మొదలెట్టడానికే అది కావాలి. మెట్ట ఊళ్లలో అయితే బండిని దిగుడులో నిలుపుకోవచ్చు. దొర్లనిచ్చి గేరులో వేస్తే ఎత్తుకుంటుంది. ఇక్కడ దిగుడెక్కడుంది? ఇది కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లం. 1999లో అభయారణ్యం చేసిన 308 చదరపు కిలోమీటర్ల కొల్లేరుకి సరిహద్దు గీతే ఐదో కాంటూరు, సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు. ఈ నేల మీద గోళీ పెట్టినా దొర్లదు.

"నువ్వెక్కు" అంటూ పెదనాన్న దిగుతాడు. రెండు మడతల గోనెసంచి పరిచినా సీటు ఇనుము తొడలకి చురుక్కుమంటోంది. స్టీరింగ్ పావు చుట్టు ఖాళీగా తిరిగాకే చక్రాలు కదులుతాయి. మీటరు ముల్లు సున్నా దగ్గరే ఉండిపోయింది. ఇంజను ఎంత వేగంలో ఉందో, షాఫ్టు 540 అందుకుందో లేదో చెప్పేవాళ్లెవరూ లేరు. "చెవి పెట్టు" అంటాడు పెదనాన్న మడ్‌గార్డు మీద కూర్చుంటూ. యాక్సిలరేటర్ కొంచెం కొంచెంగా పెంచు. బేలరు చప్పుడు మొదట గడగడ. తర్వాత గడగడ సన్నబడి ఒకటే రొద అవుతుంది. అక్కడ ఆపు. అదే 540.

గడ్డి వరుసని రెండు చక్రాల మధ్యకి తెచ్చుకో. మొదటి గేరు. వదులు.

ఇప్పుడు అసలు కష్టం మొదలవుతుంది. ఈ బండికి ఉన్నది ఒక్కటే క్లచ్చి. అది తొక్కితే బండీ ఆగుతుంది, షాఫ్టూ ఆగుతుంది. కొత్త ట్రాక్టర్లలో బండి ఆగినా షాఫ్టు తిరుగుతూ ఉండే ఏర్పాటుంది. నీకు లేదు. చుట్ట నిండగానే బజరు కుయ్‌మంటుంది. క్లచ్చి తొక్కు. న్యూట్రల్ చెయ్యి. క్లచ్చి వదులు. బండి నిలబడే ఉంటుంది, బేలరు మళ్లీ తిరుగుతుంది, పురికొస చుట్టుకుంటుంది. వెనక్కి తిరిగి చూస్తూ ఉండు. చుట్టుకోవడం అయింది. లివరు లాగు. తలుపు తెరుచుకుంది. కట్ట పడింది. తలుపు ముయ్యి. క్లచ్చి, గేరు, వదులు. ఒక మనిషి ఎత్తగలిగే ఒక్క కట్ట కోసం ఇంత. మళ్లీ బజరు.

పది కట్టలకే ఎడమ మోకాలు లాగేస్తుంది. నూగు చొక్కాలోకి దూరి వీపంతా దురద పెడుతోంది. గోకకు, ఎక్కువవుతుంది. తెల్లకొంగలు వెనకే నడుస్తూ, గడ్డి లేచిన చోట పురుగుల్ని ఏరుకుంటున్నాయి. పెదనాన్న ప్రతి మూలమలుపులో దిగి, రేడియేటర్ జాలీకి పట్టిన తుక్కు చేత్తో దులుపుతాడు. అది మూసుకుపోతే ఇంజను మరుగుతుంది. సైలెన్సరు మొదట్లో చేరిన గడ్డిపోచల్ని పుల్లతో తోసేస్తాడు. అవి అంటుకుంటే చేనంతా పోతుంది, మనం కూడా. పాత బండి మీద గడ్డిపని చేసేవాడికి చేతులు స్టీరింగ్ మీద ఉంటాయి కానీ ధ్యాసంతా వెనకా, పక్కలా, కిందా. ఈ ఓపికే లేకపోతే ఈ బండిని షెడ్డులోంచి తియ్యకపోవడమే మంచిది. ఉంటే మాత్రం చాలా పని చేసి పెడుతుంది. పొద్దుటినుంచి పడిన కట్టలు చేను సగం దాకా పరుచుకుని ఉన్నాయి చూడు.

నాలుగున్నర. ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది.

తలెత్తు. ఇందాకటి మసక ఇప్పుడు నల్లగా, నిలువుగా లేచింది. అది పొగ కాదు.

పెదనాన్న ఏమీ అనడు. మే నెల వానలు ఆయనకి తెలుసు. 1990 మే 9న మచిలీపట్నం దిగువన తీరం దాటిన తుపాను చూసినవాడు. 2022 మేలో అసని తుపాను వచ్చినప్పుడు పరదాల కింద ధాన్యాన్ని కాపలా కాసినవాడు. ఇది తుపాను కాదు, ఒట్టి గాలివానే. గడ్డిని పాడుచెయ్యడానికి అది చాలు.

ఇంకా ఎనిమిది వరుసలు.

మురుగుబోదె పక్క వరుసలోకి తిరుగు. ఇక్కడ గడ్డి దట్టంగా ఉంది, అడుగున తేమగా ఉంది. ఇనప పళ్లు ఒక పెద్ద ముద్దని ఒకేసారి లాక్కున్నాయి. బేలరు మూలిగింది. రొద కిందికి దిగింది. కీచుమని చప్పుడు. రబ్బరు కాలిన వాసన.

క్లచ్చి తొక్కు!

తొక్కావు. షాఫ్టు ఆగింది. న్యూట్రల్ చేశావు. కాలు మాత్రం క్లచ్చి మీదే ఉంది.

అన్నయ్య పరుగెత్తుకొచ్చాడు. బేలరు నోట్లోకి వంగి చూస్తున్నాడు. గడ్డి రాయిలా బిగుసుకుపోయింది. "ఇంజను ఆపకురా. క్లచ్చి తొక్కే ఉంచు. రెండు నిమిషాల్లో లాగేస్తా."

"పీటీఓ లివరు తీసెయ్యనా?"

"అది అరిగిపోయింది. తీసినా ఒక్కోసారి మళ్లీ పడిపోద్ది. నువ్వు క్లచ్చి వదలకు, చాలు."

అతని కుడిచెయ్యి మోచేతి దాకా లోపలికి పోయింది.

నీ ఎడమ పాదం పెడల్ మీద ఉంది. చెప్పులో చెమట. పెడల్ మీద రబ్బరు అరిగి నున్నటి ఇనుము. ఇంతసేపూ తొక్కి తొక్కి మోకాలు వణుకుతోంది. కింద ఇంజను తిరుగుతూనే ఉంది. అతని చేతికీ ఆ ఇంజనుకీ మధ్య ఉన్నది నీ పాదమే.

ఉరిమింది.

పాదం అంగుళం జారింది. షాఫ్టు కదిలింది. కొద్దిగా. మళ్లీ తొక్కావు.

అన్నయ్య చూడలేదు. లాగుతూనే ఉన్నాడు.

ఆపితే బండి మళ్లీ ఎత్తుకోదు. వాన వచ్చేస్తోంది. ఎనిమిది వరుసలు. అతను రెండు నిమిషాలే అన్నాడు.

కాలు వణుకుతోంది.

డాష్‌బోర్డు కింద స్టాప్ నాబ్ ఉంది. లాగితే డీజిల్ ఆగిపోతుంది. చెయ్యి చాపు. లాగు.

ఇంజను రెండుసార్లు కుదిపి ఆగిపోయింది.

అన్నయ్య తలెత్తి నీ వంక చూస్తాడు. కోపంగా ఏదో అనబోతాడు. మడ్‌గార్డు పక్కనుంచి పెదనాన్న గొంతు: "మంచి పని చేశావురా. ఇప్పుడు దిగి నువ్వూ లాగు."

ముగ్గురూ కలిసి, కొడవలితో కోసి, చేతులతో పీకి, ముద్దని బయటికి తీయడానికి చాలాసేపే పడుతుంది. వేళ్ల సందుల్లో నెత్తురు చిమ్మింది, గడ్డి అంచులు అంత పదును. నోరు ఖాళీ అయింది. స్టాప్ నాబ్ లోపలికి నొక్కి సెల్ఫు కొడతావు. టక్. అంతే. మళ్లీ కొడతావు. ఈసారి ఆ టక్ కూడా లేదు.

పక్క చెరువు గట్టు మీద మేత బస్తాలు దించుతున్న స్వరాజ్ ట్రాక్టర్ని కేకేసి పిలుస్తారు. ఆయన కాదనడు, ఈ సీజనులో అందరి బళ్ల పరిస్థితీ అందరికీ తెలుసు. బేలరు విప్పేసి, మాసీ ముందుకు మోకు కట్టారు. నువ్వు సీటెక్కావు. పై గేరు వెయ్యి. క్లచ్చి తొక్కు. స్వరాజ్ కదిలింది, మోకు బిగిసింది, నీ బండి దొర్లుతోంది. ఇంకా వేగం రానీ. ఇప్పుడు వదులు! వెనక చక్రాలు గడ్డి మొదళ్ల మీద జారాయి. ఇంజను దగ్గింది. నల్లపొగ. మళ్లీ దగ్గింది. అందుకుంది. వెంటనే క్లచ్చి, బ్రేకు. లేకపోతే ముందు బండిని గుద్దేస్తావు. ఆ సీటులో మనిషి వీపు నీ వైపే ఉంది.

మళ్లీ బేలరు తగిలించి, రొద సరిచూసుకుని మొదలెట్టేసరికి మొదటి చినుకు బానెట్ మీద పడి ఆవిరైపోయింది. రెండు వరుసలే చుట్టగలిగావు. ఆరు వరుసలు నేల మీదే ఉండిపోయాయి.

పోతే పోయాయి. కట్టినవి కాపాడుకోవాలి. స్వరాజ్ ఆయనే తన ట్రక్కు తెచ్చాడు. అన్నయ్య కింద నుంచి కట్టలు విసురుతుంటే నువ్వు పైన అందుకుని పేరుస్తున్నావు. మొదటి వరస, రెండు, మూడు. ఇప్పుడు నీకు కొల్లేరు వైపు చెరువులన్నీ కనిపిస్తున్నాయి. నీళ్ల మీద వాన తెర ఇటు వస్తోంది. నాలుగో వరస. ఐదు. గాలి వచ్చింది. పరదా ఒకటి ఎగిరి బోదెలో పడింది. మిగతా కట్టలు పరదాల కింద కప్పేశారు.

"పోనియ్యండి!" అన్నయ్య అరుస్తాడు. "నువ్వు పైనే కూచోరా, కట్టలు జారకుండా పట్టుకో!"

చేను దాటి పుంతరోడ్డు ఎక్కే చోట కరెంటు తీగలున్నాయి. 11 కేవీ లైను. పొలాల మీద అలాంటి తీగ నేలకి కనీసం 4.6 మీటర్ల ఎత్తున ఉండాలని నిబంధన. ఇక్కడి నల్లమట్టి మెత్తన, స్తంభం ఒకటి పక్కకి ఒరిగింది, మధ్యలో తీగ వేలాడుతోంది. ట్రక్కు ఒక మీటరు. ఐదు వరసల గడ్డి మూడు మీటర్లు. నాలుగయ్యాయి. దాని మీద నువ్వు.

తీగ ఊగుతోంది.

గడ్డి తడుస్తోంది. నువ్వూ తడిసిపోయావు.

ట్రక్కు కదిలింది.

"ఆపండి!" అది నీ గొంతే. బోర్లా పడుకుని సరిపెట్టుకుందామని ఒక క్షణం అనిపిస్తుంది. తీగ మళ్లీ ఊగింది, ఈసారి ఇంకా కిందికి. వద్దు. అంచు పట్టుకో. జారు. దూకు.

మోకాళ్ల మీద బురదలో పడ్డావు. ఏం కాలేదు, లే.

"పై వరసలు రెండూ దించెయ్యండి" అంటాడు పెదనాన్న. మోకు విప్పి కింద నుంచి పంగలకర్రతో కట్టల్ని నెట్టేస్తారు. అవి ఒక్కొక్కటే బురదలో పడుతుంటే అన్నయ్య అటు చూడలేక తల తిప్పుకుంటాడు. మూడు వరసల బరువుతో ట్రక్కు తీగ కింద నుంచి అవతలికి చేరింది. దాని మీద ఎవరూ లేరు.

రేకుల షెడ్డులోకి చేరేసరికి చీకటి పడింది. వాన రేకుల మీద ఎడాపెడా కొడుతోంది. ఒక్కో కట్ట దించుతూ లోపలికి చెయ్యి పెట్టి చూడు. పొడిగా ఉన్నవి గోడవైపు. తడి తగిలినవి విడిగా, గాలి ఆడేలా. తడి కట్టని పొడివాటి మధ్య పెడితే బూజు పడుతుంది, లోపల మాగి వేడెక్కుతుంది. ఆ వేడి పెరిగి పెరిగి షెడ్డు మొత్తం అంటుకోవచ్చు కూడా. రేపూ ఎల్లుండీ పొద్దునా సాయంత్రం వచ్చి చెయ్యి పెట్టి చూస్తుండాలి.

"ఆ ఆరు వరుసలూ?" అని అడుగుతాడు అన్నయ్య.

"ఎండ కాస్తే తిరగేద్దాం. రెండు రోజులకి ఆరొచ్చు, ఆరకపోనూవచ్చు." పెదనాన్న తువ్వాలుతో తల తుడుచుకుంటూ నీ వైపు తిరుగుతాడు. "పొద్దున్నే తాడేపల్లిగూడెం పోండి ఇద్దరూ. ముందు బ్యాటరీ. డైనమో విప్పి చూపించండి. షాఫ్టుకి తొడుగు, క్లచ్చి పెడల్‌కి రబ్బరు. గూడెంలో దొరక్కపోతే ఏలూరు దాకా వెళ్లండి. అవి బిగించాకే బండి చేలో దించేది."

"అంతా కలిపితే ఈ గడ్డి డబ్బులు దానికే పోతాయి నాన్నా."

"పోనీ. నీ చెయ్యి ఎక్కడ పెట్టావో నేను చూశాను."